తేడాను కొలిచి చూపే పనిముట్టు: మెష్‌ల్యాబ్‌తో నా అనుభవం

కొండపల్లి బొమ్మలనూ పాత చెక్క, రాతి వస్తువులనూ అన్ని వైపుల నుంచి ఫోటోలు తీసి, వాటి ఆధారంగా త్రిమితీయ నమూనాలు తయారుచేసి భద్రపరిచే పనిలో 2017 నుంచి మెష్‌ల్యాబ్‌ను వాడుతున్నాను. ఇటలీలోని పీసా విశ్వవిద్యాలయంలో 2005 చివర విద్యార్థుల కోర్సు పనిగా మొదలై, అక్కడి జాతీయ పరిశోధన మండలికి చెందిన ప్రయోగశాలలో పెరిగిన ఈ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. దీని సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది.

కొత్త ఆకారాన్ని మలచాలనుకునేవారికి నేను దీనిని సూచించను. ఆ పనికి బ్లెండర్ అనే త్రిమితీయ సాఫ్ట్‌వేర్ ఎంతో అనువైనది. ఉన్న ఆకారాన్ని శుభ్రం చేయడానికి, తేలిక చేయడానికి, అన్నిటికన్నా ముఖ్యంగా మన సవరణల వల్ల అది అసలు రూపం నుంచి ఎంత పక్కకు జరిగిందో కొలిచి చూడడానికి మాత్రం నాకు ఇంతకంటే నమ్మకమైన తోడు దొరకలేదు.

ఫోటోల నుంచి వచ్చిన బిందువులను ఉపరితలంగా మార్చడానికి ఇందులోని పాయిసన్ పద్ధతిని వాడతాను. అది ఉపరితలాన్ని అన్ని వైపులా మూసివేయడానికి చూస్తుంది కాబట్టి, ఫోటోలకు అందని బొమ్మ అడుగుభాగం బుడగలా ఉబ్బి వస్తుంది. ఆ భాగాన్ని ఎంచి తొలగించక తప్పదు. గరుకుదనాన్ని తగ్గించేటప్పుడు సాధారణ లాప్లాసియన్ ఫిల్టర్‌ను (మెష్‌ల్యాబ్‌లో ఒక్కో సవరణ ఆదేశాన్నీ ఫిల్టర్ అంటారు) పదేపదే నడిపితే ఆకారం కుంచించుకుపోతుంది. అందుకే ముక్కు, వేళ్ల వంటి సన్నని చెక్కుడు ఉన్నచోట ఆకారాన్ని అంతగా కుదించని టౌబిన్ ఫిల్టర్‌నే ఎంచుకుంటాను. ఇక ఉపరితలాన్ని రూపొందించే చిన్న త్రిభుజాల (వాటి అల్లికనే మెష్ అంటారు) సంఖ్యను తగ్గించే ఫిల్టర్ చాలా నిపుణంగా పనిచేస్తుంది: చదునుగా ఉన్నచోట ఎక్కువ, వంపులు ఉన్నచోట తక్కువ తీసివేస్తూ, 12 లక్షల త్రిభుజాల అంబారీ ఏనుగును 1 లక్షకు కుదించినా కంటికి తేడా తెలియలేదు.

కంటికి తెలియకపోవడం చాలదని నాకు నేర్పినది కూడా ఆ ఏనుగే. దాని దంతం చాలా సన్ననిది కావడంతో నమూనాలో అది తలకు అతుక్కోకుండా విడి ముక్కగా వచ్చింది. విడి ముక్కలను తొలగించే ఫిల్టర్‌ను నేను పరిమితి సరిచూసుకోకుండా నడిపినప్పుడు, చెత్తతో పాటు దంతమూ పోయింది. తరువాత, ఒక ఆకారం మీది బిందువులు రెండో ఆకారానికి ఎంత దూరంలో ఉన్నాయో చెప్పే హౌస్‌డోర్ఫ్ దూరాన్ని కొలిచాను. అన్నీ చిన్న అంకెలే వచ్చాయి, సంతృప్తి పడ్డాను. అయితే ఈ దూరాన్ని కొలిచే ఫిల్టర్ ఒక్క దిశలోనే కొలుస్తుంది. కొత్త మెష్ మీద మిగిలిన ప్రతి బిందువుకూ అసలు మెష్ దగ్గరలోనే ఉంది కాబట్టి, లేకుండా పోయిన దంతం ఆ లెక్కలోకి రానేలేదు. అసలు మెష్ నుంచి కొత్తదానికి మళ్లీ కొలిచినప్పుడు గరిష్ఠ దూరం ఒక్కసారిగా పెరిగింది. ఆ దూరాలను రంగులుగా చూపమంటే దంతం ఉన్నచోటు వేరే రంగులో స్పష్టంగా కనిపించింది. అప్పటి నుంచి ప్రతి నమూనానూ రెండు దిశల్లోనూ కొలిచి, సగటునూ గరిష్ఠాన్నీ ఫైలుతో పాటు రాసిపెట్టుకుంటున్నాను. ఆ అంకెలకు యూనిట్ ఉండదని కొత్తవారు గుర్తించాలి. నమూనాను ముందుగా మిల్లీమీటర్ల కొలతకు సరిచేసుకుంటేనే 0.2 అన్న అంకెకు అర్థం ఉంటుంది.

పెద్ద లోటు ఒకటుంది. నేను వాడిన ఏ వెర్షన్‌లోనూ ఫిల్టర్ చేసిన మార్పును వెనక్కి తీసుకునే అన్‌డూ లేదు. ఏ ఫిల్టర్ నడిపే ముందైనా లేయర్‌కు (తెరిచి ఉన్న నమూనాకు) నకలు తీసుకోవడం తప్పనిసరి అలవాటు కావాలి. మరో రకంగా ఆ అలవాటు మేలే చేసింది, ఎందుకంటే పోల్చడానికి అసలు రూపం ఎప్పుడూ పక్క లేయర్‌లో సిద్ధంగా ఉంటుంది. మెనూలలో వందల ఫిల్టర్లు ఉండడం మొదట్లో భయపెడుతుంది గాని, పేరు టైపు చేసి వెతుక్కునే పెట్టె ఉంది.

ఒకే వరుస పనిని అనేక బొమ్మలకు చేయవలసినప్పుడు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నుంచి నడిపే పైమెష్‌ల్యాబ్‌ను వాడుతున్నాను. 2022లో అందులో ఫిల్టర్ల పేర్లు మారాయి కనుక అంతకు ముందు రాసిన స్క్రిప్టులను తిరగరాసుకోవలసి ఉంటుంది. రెండు దిశల కొలతను నేను ఆ స్క్రిప్టులోనే చేర్చాను. గరిష్ఠ దూరం అర మిల్లీమీటరు దాటిన బొమ్మలను మాత్రం ఇప్పటికీ తెరమీద తిప్పి చూసి సరిచేస్తున్నాను.