కప్‌కేకులకు కిటికీ అట్టపెట్టెనా, విడి డబ్బాలా?

ఇంట్లో చేసిన కప్‌కేకుల్ని కానుకగా ఇవ్వాలంటే నా ఓటు కిటికీ ఉన్న అట్టపెట్టెకే. లోపల గుండ్రటి రంధ్రాల అట్ట ఉంటుంది కాబట్టి ఆరు కేకులూ ఎక్కడివక్కడ కుదురుగా నిలబడతాయి, స్కూటీ మీద తీసుకెళ్లినా ఒకదానికొకటి తగలవు. కొనేముందు ఎత్తు చూసుకోండి. క్రీము పైకి తీర్చి ఉంటే నాలుగు అంగుళాలైనా కావాలి, లేదంటే మూతకే అంటుకుపోతుంది. జనపనార తాడు కట్టి, పుట్టినరోజు పిల్ల పేరు రాసిన చీటీ తగిలిస్తే ఎంత కళగా ఉంటుందో!

అమ్మకానికైతే ఒక్కో కేకుకు ఒక్కో పారదర్శక ప్లాస్టిక్ డబ్బా మేలు. అపార్ట్‌మెంట్ స్టాల్‌లో జనం చూసి ఒక్కటే కొనుక్కోవచ్చు, ఈగల బెడద ఉండదు. పార్టీలో పిల్లలకు ఇంటికి ఇచ్చి పంపడానికీ ఇవే. గుడ్డు లేనివాటికి పచ్చ చుక్క, గుడ్డు వేసినవాటికి గోధుమరంగు త్రికోణం తప్పక అంటించండి. శాకాహారులు మనల్ని నమ్మి కొంటారు. కేకు పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి, లేకపోతే ఆవిరి పట్టి కాగితం కప్పు ఊడొస్తుంది.

మే నెలలో మాత్రం రెండూ ఒకటే. క్రీములోని వెన్న 32–35 డిగ్రీలకే కరుగుతుంది. అప్పుడు క్రీము మానేసి, పైన జీడిపప్పు అద్ది కాల్చండి.