లాన్‌లో మచ్చలు: మందు కొట్టడం మేలా, నీళ్ల వేళ మార్చడం మేలా?

పచ్చికలో గుండ్రంగా ఎండిన మచ్చ కనబడగానే చెయ్యి తెగుళ్ల మందు సీసా మీదకే పోతుంది. నాదీ అలాగే పోయింది. రెండుసార్లు కొట్టినా మచ్చ ఉన్నచోటే ఉంది. ఎండిన ఆకును ఏ మందూ మళ్లీ పచ్చగా చెయ్యదని నాకు అప్పటికి తెలియదు. కొత్తగా వచ్చే ఆకుకు తెగులు అంటకుండా కాపాడటమే దాని పని. మచ్చ పూడాలంటే గడ్డి పెరగాలి. తీగలు పాకే గరిక జాతి అయితే తనంతట తానే పూడ్చుకుంటుంది. దుబ్బుగా పెరిగే ఫెస్క్యూ లాంటిదైతే మళ్లీ విత్తనం చల్లుకోవాల్సిందే.

ఇక నీళ్లు. ఈ తెగుళ్లలో చాలావాటికి ఆకు మీద తడి గంటల తరబడి ఉండాలి. బ్రౌన్ ప్యాచ్‌నే చూడండి: రాత్రిపూట కూడా 20 డిగ్రీలు దాటే వేడి ఉండి, ఆకు 10 గంటలకు పైగా తడిగా ఉంటే దానికి పండగే. సాయంత్రం పైపు పడితే ఆ తడి మర్నాడు ఎండెక్కేదాకా ఆరదు. అదే తెల్లవారుజామున పడితే, మంచుకు ఎలాగూ తడిసిన ఆకే ఇంకాస్త తడిసి, పొద్దెక్కేసరికి ఆరిపోతుంది. నీళ్లు అవే, అదనపు ఖర్చేమీ లేదు. రోజూ కాస్త చిలకరించడం మాని, వారానికి ఒకటి రెండుసార్లు వేళ్లదాకా దిగేలా పెడితే ఇంకా మంచిది. పొద్దుపోయాక పైపు పట్టుకుని నిలబడటంలో ఉండే హాయి వేరే, అది ఒప్పుకుంటాను.

ఎరువు దగ్గర మాత్రం వ్యవహారం తిరగబడుతుంది. డాలర్ స్పాట్, తుప్పు తెగులు నత్రజని చాలని గడ్డిని పట్టుకుంటాయి, వాటికి కాస్త ఎరువే మందు. బ్రౌన్ ప్యాచ్‌కు అదే ఎరువు వేస్తే మంటలో నెయ్యి పోసినట్టే. అందుకే ముందు చూడాలి. పొద్దున్నే, మంచు ఆరకముందే, మోకాళ్ల మీద కూర్చుని ఒక ఆకు తుంచి చూడండి. ఆకుకు అడ్డంగా ఎండుగడ్డి రంగు పట్టీ, దాని అంచుల్లో ఎర్రటి గోధుమరంగు గీత, పక్కన సాలెగూడులాంటి తెల్లటి బూజు ఉంటే డాలర్ స్పాట్ అనుకోవచ్చు. పొద్దెక్కాక వెళ్తే ఆ బూజు ఆరిపోయి కనబడదు. నడిచొచ్చాక చెప్పులకు నారింజ రంగు పొడి అంటితే తుప్పు తెగులు. ఎండిన మచ్చ చుట్టూ ముదురాకుపచ్చ వలయం ఉంటే చాలాసార్లు అది కుక్క పని! ఆకు కొసలన్నీ చీలి తెల్లబడితే మోవర్ బ్లేడు మొద్దుబారింది. ఈ చివరి రెంటికీ ఎంత మందు కొట్టినా దండగే.

మరి మందు ఎప్పుడు మేలు? పిథియం అనే తెగులు వచ్చినప్పుడు. వేడి, ఉక్క, నిలిచిన నీరు కలిస్తే ఒకటి రెండు రోజుల్లోనే గడ్డి జిడ్డుగా మారి, దూదిలాంటి బూజుతో చాపలా పడిపోతుంది. నీరు పారిన దారి వెంబడే పాకుతుంది. అప్పుడు నీళ్ల వేళ మార్చి ఎదురుచూస్తూ కూర్చుంటే కుదరదు. కాకపోతే పిథియం అసలైన శిలీంధ్రం కాదు, అందుకే బ్రౌన్ ప్యాచ్‌కు వాడే ప్రొపికొనజోల్ దానిమీద పనిచెయ్యదు. మెఫెనాక్సమ్ లాంటిది కావాలి. మురుగు పోయే దారి కూడా చూడాలి, లేకపోతే మళ్లీ అక్కడే వస్తుంది.

ఏటా అదే నెలలో అదే తెగులు వచ్చే లాన్‌కు కూడా ముందుగా కొట్టడంలో తప్పు లేదు. అయితే ఒకసారి అజాక్సీస్ట్రోబిన్ అనే తెగుళ్ల మందు కొడితే తర్వాతిసారి వేరే వర్గం మందు, అంటే వేరే తీరులో పనిచేసేది, తీసుకోండి. ఒకటే పదేపదే కొడితే దానికి లొంగని బూజే మిగులుతుంది. సీసాలు వేరైనా లోపల అదే మందు ఉండొచ్చు, పేరు కాదు, లేబుల్ మీద రాసిన రసాయనం చూసి కొనండి.