రథమెక్కిన ఫరో, ముసుగులోని టుటన్‌ఖామున్: రెండు ఈజిప్టు పౌండ్ల పోలిక

ప్రాచీన రాజులైన ఫరోలను చూపే ఈజిప్టు ఒక పౌండు నాణేల్లో సేకర్తలకు ముందుగా కనిపించేవి రెండు. మొదటిది 1952 విప్లవపు మూడవ వార్షికోత్సవ స్మారకంగా 1955లో వెలువడి, ఐదవ వార్షికోత్సవానికి 1957లో మళ్లీ ముద్రితమైన బంగారు నాణెం. దీనిపై ఫరో విల్లు ఎక్కుపెట్టి రథంపై దూసుకుపోతుంటాడు. రాజరికాన్ని రద్దు చేసిన ప్రభుత్వమే ఒక రాజును చిహ్నంగా ఎంచుకోవడం విచిత్రమే. బరువు 8.5 గ్రాములు, అంటే మన కాసు కంటే కాస్త ఎక్కువ. కాని స్వచ్ఛత వెయ్యికి 875 పాళ్లే కనుక అందులోని మేలిమి బంగారం సుమారు 7.44 గ్రాములే.

రెండవది 2005 నుండి ముద్రితమవుతున్న ద్విలోహ నాణెం. 1922లో బయటపడిన సమాధిలో దొరికిన టుటన్‌ఖామున్ బంగారు ముసుగు దీని నడుమ ఉంటుంది. బరువు ఇదీ 8.5 గ్రాములే, ఉక్కుపై పూత వేసిన ముద్రణలు అయస్కాంతానికి అంటుకుంటాయి. ఇది స్మారక నాణెం కాదు, చలామణీ నాణెం కావడంతో చవకగా దొరుకుతుంది.

శిల్పపు పనితనంలో నా ఓటు రథానికే. అయితే బంగారు నాణేన్ని తూకం, స్వచ్ఛత పరీక్షించకుండా కొనరాదు. కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారికి, ముఖ్యంగా పిల్లలకు, ముసుగు నాణెమే తగినది.