బెజవాడ శివార్లలో 60 లక్షల డబుల్ బెడ్రూం ఫ్లాట్: ముప్ఫైలోపు వాళ్లు కొనగలిగే సరుకేనా?

బందరు రోడ్డు పట్టుకుని కానూరు, తాడిగడప, పోరంకి వెళ్లినా, ఏలూరు రోడ్డు మీద ప్రసాదంపాడు దాటి ఎనికేపాడు, నిడమానూరు వైపు తిరిగినా కొత్త అపార్ట్‌మెంట్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. కింద కార్లకి స్టిల్టు, పైన ఐదంతస్తులు, ఒక లిఫ్టు, అంతస్తుకి మూడు ఫ్లాట్లు, ఒక్కోటి 1,200 చదరపు అడుగులు. ఈ రివ్యూ ఏ ఒక్క బిల్డర్ గురించీ కాదు, ఆ అచ్చు గురించి. చదరపు అడుగు 5,000 చొప్పున 60 లక్షలు అనుకుని లెక్క వేద్దాం. మీరు చూసే వీధిలో రేటు వెయ్యి అటో ఇటో ఉండొచ్చు. ఆ అంకె పెట్టి ఇదే లెక్క మళ్లీ వేసుకోండి.

ఒక మాట ముందే. కట్టుబడి పరంగా ఇది తీసిపారేసే సరుకు కాదు. గాలీ వెలుతురూ ఫర్వాలేదు, పార్కింగ్ ఉంటుంది, లిఫ్టు ఉంటుంది. గొడవంతా ధరతోనూ, ఆ ధర ఏ రూపంలో కట్టమంటారన్న దానితోనూ.

60 కాదు, 72

బ్రోషర్‌లో ఉన్నది 60. కార్ పార్కింగ్, జనరేటర్, ట్రాన్స్‌ఫార్మర్, కార్పస్ ఫండ్ అన్నీ కలిపి ఎమినిటీస్ అనే పద్దు కింద 4 లక్షలు వేసుకోండి. ఇక్కడికి 64. కట్టుబడిలో ఉన్న ఫ్లాట్ కొంటే దాని మీద జీఎస్టీ. 45 లక్షల్లోపు ఖరీదు, 90 చదరపు మీటర్లలోపు కార్పెట్ ఏరియా (గోడల లోపలి కొలత) ఉంటే 1 శాతమే, లేకపోతే 5 శాతం. ఆ 45 లక్షల గీత 2019 ఏప్రిల్‌లో గీసింది. ధరలు దాన్ని దాటిపోయి చాలాకాలమైంది కాబట్టి మన ఫ్లాట్‌కి 5 శాతమే, అంటే 3.20 లక్షలు. తర్వాత రిజిస్ట్రేషన్: స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. 4.80 లక్షలు. కూడితే సరిగ్గా 72.

బ్యాంకు ఈ 72కి లోను ఇవ్వదు. 30 నుంచి 75 లక్షల మధ్య గృహరుణమైతే ఇంటి విలువలో 80 శాతం దాటకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఆ విలువలోకి రావు. బ్యాంకు పంపే వాల్యుయర్ ఎమినిటీస్ పద్దుని చాలాసార్లు పక్కన పెట్టేస్తాడు. అంటే 60 మీద 80 శాతం, 48 లక్షలు. మిగతా 24 లక్షలు చేతిలోంచి రావాలి. కప్‌బోర్డులు, కిచెన్ వుడ్‌వర్కు, ఫ్యాన్లు, గీజర్లకు ఇంకో 4 కలిపితే 28.

ఈఎంఐ ఎంత అన్నదే అందరూ అడుగుతారు. అసలు మొదటి అడ్డుగోడ ఈ 28 లక్షలు. ఇంటి అద్దె, తిండి, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది పోగా నెలకు 20,000 నికరంగా వెనకేసేవాడికి 28 లక్షలు పోగవడానికి 140 నెలలు, దాదాపు పన్నెండేళ్లు పడుతుంది. ఆ పన్నెండేళ్లూ ఫ్లాట్ రేటు అక్కడే నిలబడి ఉండదు. అందుకే ఈ ఊళ్లో ముప్ఫైలోపు కొన్నవాళ్లలో ఎక్కువమంది వెనక పొలం అమ్మకమో, అమ్మ నగలో, మామగారి సాయమో ఉంటుంది. జీతం ఒక్కటే పెట్టుబడిగా దిగినవాళ్లకి ఇది తయారుచేసిన సరుకు కాదు.

నెలవారీ భారం

8 శాతం వడ్డీ, 20 ఏళ్లు, 48 లక్షలు. ఈఎంఐ 40,149. మొదటి నెల అందులో 32,000 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 8,149. ఐదేళ్లు ఒక్క నెలా తప్పకుండా కడితే మీ జేబులోంచి వెళ్లింది 24 లక్షలు, బాకీ మాత్రం ఇంకా 42 లక్షలు ఉంటుంది. ఇరవై ఏళ్లకు కట్టే వడ్డీ 48 లక్షల పైమాటే. అసలెంతో వడ్డీ అంత.

చేతికొచ్చే జీతంలో సుమారు సగం దాకానే వాయిదాలకి పోవచ్చని బ్యాంకులు చూస్తాయి. అంటే ఇంటికి నెలకు 80,000 రావాలి. భార్యాభర్తలిద్దరిదీ కలిపి చూపించొచ్చు. బైకు, ఫోను, క్రెడిట్ కార్డు కింద ఇప్పటికే నెలకు 6,000 కడుతుంటే లోను అర్హతలో 7 లక్షల దాకా కోత పడుతుంది. చిన్న బాకీలన్నీ దరఖాస్తుకి మూణ్నాలుగు నెలల ముందే తీర్చేస్తే ఆ మేరకు లోను పెరుగుతుంది. అప్పుచేసి అడ్వాన్సు కట్టడానికి పర్సనల్ లోను తీసుకోవడం కంటే చెడ్డ ఆలోచన ఇంకోటి లేదు. దాని వాయిదా కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

ఇదే ఫ్లాట్ అద్దెకి 13,000 నుంచి 15,000కి దొరికితే, ఏడాది అద్దె 72 లక్షల మీద రెండున్నర శాతం దాటదు. కొనడం, అద్దెకుండటం మధ్య నెలకు 25,000 తేడా. ఆ తేడా నిజంగా దాచగలిగేవాడికి అద్దె సిగ్గుపడాల్సిన సంగతేమీ కాదు, చుట్టాలు పెళ్లిళ్లలో ఏమడిగినా సరే.

24 లక్షల కట్టుబడి 60 ఎలా అయింది

ఇదీ అసలు సంగతి. చదరపు అడుగుకి కట్టుబడి ఖర్చు సుమారు 2,000 అనుకుంటే 1,200 అడుగుల ఫ్లాట్‌కి అయ్యేది 24 లక్షలు. మిగతాదంతా బిల్డర్ మింగేశాడనుకుంటారు. లెక్క అలా లేదు.

700 గజాల స్థలం తీసుకోండి. అందులో 15 ఫ్లాట్లు లేస్తాయి. బిల్డర్ స్థలం కొనడు. యజమానితో డెవలప్‌మెంట్ అగ్రిమెంటు రాసుకుంటాడు. మంచి ఏరియాలో సగం సగం, కాబట్టి 7 ఫ్లాట్లు యజమానికి, 8 బిల్డర్‌కి. మొత్తం కట్టుబడి 18,000 అడుగులు, 3.60 కోట్లు. అది బిల్డర్ తన 8 ఫ్లాట్లు అమ్మి రాబట్టుకోవాలి. ఒక్కో ఫ్లాట్ నెత్తిన 45 లక్షలు. ప్లాను ఫీజులు, లిఫ్టు, ఫైనాన్స్ తెచ్చిన వడ్డీ, బ్రోకర్ కమీషన్, తన లాభం కలిపితే 60. మీరు మీ ఫ్లాట్‌తో పాటు స్థల యజమాని ఫ్లాట్‌ని కూడా దాదాపు కట్టించి ఇస్తున్నారన్నమాట. ఆ ముడుపే స్థలం ధర. సిమెంటు రేటు తగ్గినా ఫ్లాట్ రేటు తగ్గకపోవడానికి కారణం ఇదే.

మరి స్థలానికి అంత గిరాకీ ఎందుకు? దక్షిణాన కృష్ణ, పడమర కొండలు, ఉత్తరాన బుడమేరు. ఊరు తేలిగ్గా పెరగగలిగింది బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు వెంబడే. 2014లో రాష్ట్ర విభజన తర్వాత రాజధాని ఇటే అనగానే గజం రేట్లు ఎగిరాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక బేరాలు ఆగాయి. ఆగాయే తప్ప 2014కి ముందున్న చోటికి దిగిరాలేదు, ఎందుకంటే ఇక్కడ స్థలాలు పట్టుకున్నవాళ్లకి అమ్మి తీరాల్సిన అవసరం లేదు. డెల్టా పొలాల డబ్బు, అమెరికా పిల్లలు పంపే డబ్బు స్థలంలోనే కూర్చుంటాయి. 2024 జూన్ తర్వాత అమరావతి మళ్లీ కదిలేసరికి ఆగిన రేట్లూ కదిలాయి. ఈ వేలంపాటలో 50,000 జీతగాడు పోటీ పడాల్సింది డాలర్లతో.

ఇంకో దెబ్బ 2024 సెప్టెంబరు బుడమేరు వరద. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట లాంటి చోట్ల కాస్త చవగ్గా ఇళ్లు దొరికేవి. నీళ్లు చూసినవాళ్లు ఇప్పుడు అటు కొనడానికి జంకుతున్నారు, ఆ గిరాకీ కూడా మిగతా రెండు రోడ్ల మీదే పడింది.

ఎవరూ తయారుచేయని సరుకు

ఈ ఊరి మార్కెట్‌కి ఇచ్చే అతి తక్కువ మార్కు ఇక్కడే. టిడ్కో ఇళ్లు 300, 365, 430 అడుగులవి, అవి పేదల పథకం. ప్రైవేటులో మొదలయ్యేదే 1,000 పైన. మధ్యలో 600, 700 అడుగుల సింగిల్ బెడ్రూం కొత్తగా కట్టేవాళ్లు దాదాపు లేరు. కొత్తగా పెళ్లయిన జంటకి కావాల్సింది సరిగ్గా అదే. బిల్డర్‌ని అడిగితే కారణాలు చెబుతాడు: చిన్న ఫ్లాటుకైనా వంటగది, బాత్రూం, కరెంటు మీటరు, పార్కింగ్ తప్పవు కాబట్టి అడుగుకి ఖర్చు పెరుగుతుంది. స్థల యజమాని తన వాటాకి పెద్ద ఫ్లాట్లే కావాలంటాడు. రెండూ నిజమే. కానీ పెట్టుబడి కోసం కొనేవాడి రుచికి తగ్గట్టు వండిన వంట ఇది, ఉండటానికి కొనేవాడి ఆకలికి కాదు.

కేంద్రం పథకమూ ఇక్కడ తేలిపోతుంది. 2024లో వచ్చిన పీఎం ఆవాస్ పట్టణ 2.0లో ఏడాదికి 9 లక్షల్లోపు ఆదాయం ఉన్నవాళ్లకి వడ్డీ రాయితీ ఉంది, గరిష్ఠంగా 1.80 లక్షలు. కాకపోతే ఇంటి విలువ 35 లక్షలు దాటకూడదు. ఈ రోడ్ల మీద కొత్త ఫ్లాట్ కొనేవాడికి అది అందని ద్రాక్షే.

అయినా కొంటామంటే

ముందు టేపు పట్టుకెళ్లండి. 1,200 అని చెప్పేది సూపర్ బిల్టప్. మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటా తీసేసి గోడల లోపల కొలిస్తే 850 అటూ ఇటూ తేలుతుంది. 72 లక్షల్ని దాంతో భాగిస్తే మీకు పడే అసలు రేటు అడుగుకి 8,000 పైనే. రెండు అపార్ట్‌మెంట్లను పోల్చేటప్పుడు ఈ రేటుతోనే పోల్చాలి.

తర్వాత అడగాల్సింది యూడీఎస్, అంటే స్థలంలో మీ వాటా ఎన్ని గజాలని. పైన చెప్పిన ఉదాహరణలో 46 గజాల పైచిలుకు వస్తుంది. 30 అంటే ఆలోచించండి. బిల్డింగ్ పాతబడ్డాక మీకు మిగిలే ఆస్తి అదే.

డెవలప్‌మెంట్ అగ్రిమెంటు రిజిస్టరైందా, మీరు చూసిన నంబరు ఫ్లాట్ బిల్డర్ వాటాలోదా, యజమాని వాటాలోదా అన్నది ఏ ఫ్లాట్ ఎవరికి అనే పంపకం కాగితంలో చూడాలి. ఎక్కువ తగాదాలు పుట్టేది ఇక్కడే: బిల్డర్ అడ్వాన్సు తీసుకున్న ఫ్లాట్ పంపకంలో యజమానిది అవుతుంది. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే కాగితం), 30 ఏళ్ల లింకు దస్తావేజులు (పాత చేతులు మారిన కాగితాలు), నిషేధిత భూముల జాబితా చూడటం బ్యాంకు లాయర్ కూడా చేస్తాడు. కానీ అడ్వాన్సు ఇచ్చాక చేస్తాడు. మీరు ఇవ్వకముందే చూపించుకోండి.

500 చదరపు మీటర్లు, అంటే 598 గజాలు దాటి, 8 ఫ్లాట్లకు మించితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది లేకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. ప్రీలాంచ్ ఆఫర్ అని యూడీఎస్ రిజిస్టర్ చేసిస్తామన్నా అటు చూడొద్దు. రెరా ఉన్న చోట రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు, అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపాలు బయటపడితే బిల్డరే సరిచేయాలి. 300 గజాల్లో అంతస్తుకి ఒకటి చొప్పున ఐదు ఫ్లాట్లు వేసేవాళ్లు ఈ రక్షణ బయటే ఉంటారు. ఆ మేరకు రేటు తగ్గించమని బేరమాడాలి.

కొంత వైటు, కొంత బ్లాకు అంటే అక్కడే ఆగండి. నగదుగా ఇచ్చింది బ్యాంకు లెక్కలోకి రాదు కాబట్టి లోను ఇంకా తగ్గుతుంది. ఖరీదు 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాడికిచ్చే డబ్బులో 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కింద పట్టి కట్టాల్సింది కొనేవాళ్లే. ఆ టీడీఎస్ స్టేట్‌మెంట్ ఆలస్యమైతే రోజుకి 200 జరిమానా పడేది మీకే.

కింద స్టిల్టులో కరెంటు ప్యానెల్ బోర్డు ఎంత ఎత్తులో ఉందో చూడండి. నడుం కింద ఉంటే 2024 లాంటి వాన ఒక్కటి చాలు, లిఫ్టూ మోటారూ రెండూ పోతాయి. పక్కింటి గోడ మీద మరక ఉందేమో కూడా చూడండి, అది అబద్ధం చెప్పదు.

మా ఓటు పాత ఫ్లాట్‌కే

తొలిసారి కొనేవాళ్లకి పటమట, మొగల్రాజపురం, గుణదల లోపలి వీధుల్లో పదిహేను, ఇరవై ఏళ్ల నాటి మూడంతస్తుల అపార్ట్‌మెంట్లు మేలు. లిఫ్టు ఉండకపోవచ్చు. జీఎస్టీ ఉండదు. ఎమినిటీస్ పద్దు ఉండదు. యూడీఎస్ ఎక్కువ. రిజిస్ట్రేషన్ అయిన రోజే తాళం చేతికొస్తుంది కాబట్టి అద్దె, వడ్డీ రెండూ కట్టే బాధ ఉండదు. కొత్తదానిలో ఏడాది ఆలస్యమైతే, 70 శాతం విడుదలైన లోను మీద నెలకు 22,400 వడ్డీ, పైన అద్దె.

పాతదానికి బ్యాంకులు బిల్డింగ్ వయసు, లోను కాలం కలిపి చూస్తాయి. ఇరవై ఐదేళ్లు దాటినదైతే 20 ఏళ్ల లోనుకి బదులు 15 ఇవ్వొచ్చు. అప్పుడు లక్షకి ఈఎంఐ 836 నుంచి 956కి పెరుగుతుంది. బేరానికి కూర్చునే ముందే ఆ బ్రాంచిలో ఈ ఒక్క ముక్క అడిగి తెలుసుకోండి. ప్లాను మంజూరు, ఇంటి పన్ను రసీదులో ఫ్లాట్ నంబరు, అసోసియేషన్ బకాయిలు లేవన్న కాగితం తీసుకోండి. పై అంతస్తు అయితే శ్లాబు కింద కమ్మీ తుప్పు మరకలు చూడ్డానికి వానాకాలంలో వెళ్లండి, సున్నం వేయించకముందే.