నిన్నటి పొడి కలవని కప్పు: ఎస్ప్రెస్సో గ్రైండర్‌తో నాలుగేళ్ళు

మారేడ్‌పల్లిలోని మా ఇంట్లో రోజుకు నాలుగు కప్పుల కాఫీ తయారవుతుంది. తెల్లవారగానే అత్తయ్యగారికి, మామయ్యగారికి ఫిల్టర్ డికాక్షన్‌తో రెండు. ఏడున్నరకు, ఆఫీసుకు బయలుదేరే ముందు, నాకూ మావారికీ ఎస్ప్రెస్సోతో రెండు. ఈ లెక్క ముందే చెప్పడానికి కారణం ఉంది. ఖరీదైన గ్రైండర్ కొనాలనుకునేవారు సాధారణంగా బర్‌ల (గింజలను నలిపే పళ్ళ చక్రాల) సైజు, మోటారు బలం, పొడి పట్టే వేగం చూస్తారు. నాలుగేళ్ళుగా నీష్ జీరో అనే గ్రైండర్ వాడిన తర్వాత నా అభిప్రాయం వేరు. రోజుకు రెండు మూడుసార్లు మాత్రమే, అదీ రెండు రకాల పొడి పట్టుకునే ఇంట్లో, యంత్రం లోపల ఎంత పొడి మిగిలిపోతుందన్నదే అన్నింటికంటే ముందు చూడవలసిన విషయం.

ఇది నాకు మొదట తెలియజెప్పినవారు అత్తయ్యగారు. అప్పట్లో మా ఇంట్లో ఉన్నది గింజలు పోసే హాపర్ పైన బిగించి ఉండే ఒక మధ్యతరగతి గ్రైండర్. ఒకరోజు పొద్దున డికాక్షన్ వాసన చూసి ఆమె, "తాజాగా పట్టావంటావు గానీ, ఇందులో నిన్నటి పొడి వాసన వస్తోందమ్మా" అన్నారు. నాకు నమ్మకం కలగలేదు. దశాంశం వరకు చూపే చిన్న తూకం తెచ్చి, హాపర్ ఖాళీ చేసి, సరిగ్గా 18 గ్రాముల గింజలు వేసి చూశాను. బయటికి వచ్చింది 18 గ్రాములే. అంతా సవ్యంగానే ఉందనుకున్నాను. మర్నాడు యంత్రాన్ని పూర్తిగా విప్పి, బ్రష్షుతో శుభ్రం చేసి, మళ్ళీ అంతే బరువు గింజలు వేస్తే 15 గ్రాములే వచ్చాయి. తక్కినవి గొట్టంలోనూ బర్‌ల గది మూలల్లోనూ చేరాయి. అంటే అంతకుముందు రోజు వచ్చిన 18 గ్రాములలో 3 గ్రాములు అంతకు ముందురోజువి. ఆమె ముక్కు కనిపెట్టింది సరిగ్గా ఆ పొడినే.

ఆ యంత్రానికి ఇంకో లోపం కూడా ఉండేది. పొడి మెత్తదనాన్ని మార్చే దాని సర్దుబాటు మెట్లు మెట్లుగా ఉండేది. ఒక మెట్టు మీద 36 గ్రాముల షాట్ (ఒక విడతలో దిగే ఎస్ప్రెస్సో) 19 సెకన్లలో పుల్లగా, పలుచగా దిగిపోయేది. పక్క మెట్టుకు తిప్పితే 40 సెకన్లు దాటి చేదెక్కేది. నాకు కావలసిన 28 సెకన్లు ఆ రెండింటి నడుమ ఎక్కడో ఉండేవి, అక్కడికి చేరే దారి మాత్రం లేదు. ఎస్ప్రెస్సోలో నీరు సుమారు 9 బార్ల ఒత్తిడితో పొడిలోంచి వెళుతుంది కాబట్టి, పొడి పరిమాణంలో వచ్చే అతి చిన్న తేడా కూడా సెకన్లలో కనిపిస్తుంది. ఫిల్టర్ కాఫీలో అంత తేడా తెలియదు. అందుకే ఫిల్టర్‌కు బాగా పనిచేసే గ్రైండర్ ఎస్ప్రెస్సోకు పనికిరాకపోవచ్చు.

బర్ అంటే ఏమిటని మామయ్యగారు అడిగినప్పుడు, మన విసుర్రాయే అని చెప్పాను. కింది రాయి కదలదు, పైరాయి తిరుగుతుంది, రెండింటి మధ్య సందును బట్టి పిండి మెత్తగానో బరకగానో వస్తుంది. ఫ్లాట్ బర్ యంత్రంలో ఆ రెండు రాళ్ళ స్థానంలో పళ్ళు చెక్కిన రెండు ఉక్కు చక్రాలు ఎదురెదురుగా ఉంటాయి. కోనికల్ బర్‌లో శంకువు లాంటి ముక్క ఒక ఉంగరంలో తిరుగుతుంది.

కొనేముందు నేను గట్టిగా ఆలోచించినవి మూడు. మొదటిది ఫ్లోరెన్స్ నగరపు యురేకా కంపెనీవారి మిన్యోన్ స్పెషలీటా. దానిలో 55 మిల్లీమీటర్ల ఫ్లాట్ బర్‌లు, మెట్లు లేని సర్దుబాటు ఉన్నాయి. ఒకే గింజతో వరుసగా కప్పులు తీసే ఇంటికి అది చక్కటి ఎంపిక. మా ఇంట్లో పొద్దున ఒక గింజ, గంట తర్వాత వేరొక గింజ కాబట్టి హాపర్ పద్ధతి వద్దనుకున్నాను. రెండవది చేతితో తిప్పే గ్రైండర్. వన్‌జీప్రెస్సో జె-అల్ట్రా వంటి వాటిలో ఒక్కొక్క క్లిక్కుకు 8 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాన్) కదలిక మాత్రమే ఉంటుంది, ఆ ధరలో అంతకు మించిన నాణ్యత దొరకదు. ఒక్కరే ఉండి, రోజుకు ఒక కప్పు తాగేవారికి నేను ఇప్పటికీ దానినే సూచిస్తాను. నాలుగు కప్పుల ఇంట్లో ప్రతి పొద్దున చెయ్యి నొప్పి పుట్టేదాకా తిప్పడం సాగే పని కాదు.

చివరికి తెప్పించుకున్నది మూడవదైన నీష్ జీరో. 2017లో జనం దగ్గర ముందస్తుగా సొమ్ము సేకరించి తయారీ మొదలుపెట్టిన బ్రిటిష్ యంత్రమిది. లోపలివి ఇటలీకి చెందిన మాజర్ కంపెనీవారి 63 మిల్లీమీటర్ల కోనికల్ బర్‌లు, కెఫేలలో వాడే స్థాయివి. నిమిషానికి 330 చుట్లు మాత్రమే తిరుగుతాయి కాబట్టి మోత తక్కువ, తెల్లవారుజామున పక్క ఫ్లాటువారికి నిద్రాభంగం కాదు. హాపర్ లేదు. కావలసిన గింజలు తూచి వేస్తే, పావు నిమిషంలో ఆ పొడి కింది గిన్నెలోకి దిగుతుంది. ఆ గిన్నె 58 మిల్లీమీటర్ల పోర్టాఫిల్టర్ (ఎస్ప్రెస్సో యంత్రానికి బిగించే, పిడి ఉన్న పొడి గిన్నె) మీద సరిగ్గా కూర్చుంటుంది కాబట్టి పొడి ఒలకదు. నా తూకం మీద 18 గ్రాములు వేస్తే 17.8 నుంచి 17.9 వరకు తిరిగి వస్తున్నాయి.

కొత్తలో మూడు వారాలు షాట్ సమయం నిలకడగా లేదు. బర్‌ల పళ్ళ మీది కొత్తదనపు గరుకు అరిగే వరకు అలాగే ఉంటుందని అప్పుడు తెలియక, ఊరికే డయల్ తిప్పుతూ కూర్చున్నాను. ఇప్పుడు ఎస్ప్రెస్సోకు డయల్ మీద 13కూ 17కూ మధ్య, ఫిల్టర్‌కు 30 దగ్గర పెడతాను. బరక నుంచి మెత్తకు వచ్చేటప్పుడు మోటారు తిరుగుతుండగానే తిప్పాలి. లేకపోతే మధ్యలో ఇరుక్కున్న ముక్కలు అడ్డుపడతాయి. ఆ మార్పు చేసినప్పుడు రెండు గ్రాముల గింజలు ముందుగా పట్టి, ఆ పొడిని అత్తయ్యగారి డబ్బాలో వేస్తాను.

హైదరాబాదు వాతావరణం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఈ యంత్రాన్ని సమీక్షించిన చలిదేశాలవారికి మన ఏప్రిల్ తెలియదు. ఎండాకాలంలో గాలి ఎంత పొడిబారుతుందంటే, కాఫీపొడి గిన్నె అంచులకు, మూతకు, వేళ్ళకు పట్టుకుని, బల్లమీద గోధుమరంగు మసకలా పరుచుకుంటుంది. చెంచా కాడను నీళ్ళలో ముంచి, ఆ ఒక్క తడితో గింజలను కలిపితే ఆ బాధ దాదాపు పోతుంది. రాపిడిలో పుట్టే విద్యుత్తును ఆ తేమ తగ్గిస్తుందని ఆరెగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. జూలైలో ముసురు పట్టినప్పుడు ఆ తడి అవసరం ఉండదు గానీ, అదే గింజతో, డయల్ అదే గీత మీద ఉన్నా షాట్ నాలుగైదు సెకన్లు నెమ్మదిస్తుంది. అర గీత బరక వైపు జరిపితే సర్దుకుంటుంది. మెట్లు లేని సర్దుబాటుకు నేను ఇచ్చిన డబ్బు ఆ అర గీతలో నాకు తిరిగి వచ్చింది.

రెండో ఏడు ఒక ప్రమాదం జరిగింది. గింజలు వేసి స్విచ్ నొక్కగానే కరకరమనే చప్పుడు వచ్చి మోటారు ఆగిపోయింది. ప్లగ్గు పీకి, పై ఉంగరాన్ని తిప్పి, పనిముట్టు ఏదీ లేకుండానే పై బర్‌ను పైకి తీశాను. పెసరగింజంత రాయి పళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది. గింజలు వేయించి అమ్మే రోస్టర్ దగ్గర నుంచే వచ్చింది. వారికి చెబితే క్షమాపణ తప్ప మరేమీ రాలేదు. ఒక పంటి అంచున చిన్న గీత పడింది, రుచిలో మాత్రం మార్పు తెలియలేదు. అప్పటి నుంచి గింజలను తూచిన తర్వాత స్టీలు పళ్ళెంలో పరిచి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కసారి వేలితో తిప్పి చూస్తాను. ఇంట్లోనే విప్పి చూడగలిగే యంత్రం కాకపోయి ఉంటే, విదేశానికి తిరిగి పంపే ఖర్చు, మళ్ళీ కస్టమ్స్ కాగితాలు నా మెడకు చుట్టుకునేవి. దిగుమతి చేసుకునేవారు ధరతో పాటు దీనినీ లెక్కలో వేసుకోవాలి.

ఇక రుచి విషయం. కూకట్‌పల్లిలోని స్నేహితురాలి ఇంట్లో 64 మిల్లీమీటర్ల ఫ్లాట్ బర్ యంత్రం ఉంది. ఇద్దరం ఒకే అరకు గింజను, తేలికగా వేయించినదాన్ని, రెండు యంత్రాల్లోనూ పట్టి పక్కపక్కన తాగాము. ఆమె కప్పులో పండ్ల పులుపు, తేనె తీపి విడివిడిగా తెలిశాయి. నా కప్పు చిక్కగా, నిండుగా ఉంది గానీ ఆ రెండూ కలిసిపోయాయి. పాలు కలిపాక ఇద్దరమూ ఏది ఎవరిదో చెప్పలేకపోయాము. కాబట్టి తేలికపాటి రోస్టును పాలు లేకుండా తాగేవారు నా యంత్రం కొనవద్దు, ఫ్లాట్ బర్ వైపు వెళ్ళండి. చిక్కమగళూరు గింజను మధ్యస్థంగా వేయించి, పాలతో తాగే ఇళ్ళకు కోనికల్ చాలు, ఆ చిక్కదనమే మనకు కావలసింది.

మా వాడకం రోజుకు దాదాపు 60 గ్రాములు, అంటే ఏడాదికి 22 కిలోలు. నాలుగేళ్ళలో 88 కిలోల గింజలు ఆ బర్‌ల మధ్య నుంచి వెళ్ళాయి. పోయిన ఆదివారం విప్పి శుభ్రం చేస్తూ పళ్ళ అంచును గోటితో తాకి చూశాను. ఇంకా గోరును గీరుతోంది. లోపల మూలల్లో బ్రష్షుకు అంటిన పొడిని తూకం మీద వేస్తే 0.4 గ్రాములు చూపించింది.