చక్కెర ఒక్కటే ఉన్న టీకా, ప్రొటీన్ జోడించిన టీకా

విశాఖ ఎంవీపీ కాలనీలో మా పక్కింటి తాతగారికి దండచేతికి, ఆయన 6 వారాల మునిమనవడికి తొడకు, ఒకే నెలలో న్యుమోకోకస్ (న్యుమోనియా తెచ్చే బాక్టీరియా) టీకాలు వేశారు. రెండూ ఒకటే అనుకుంటే పొరపాటు.

ఈ బాక్టీరియా చుట్టూ చక్కెర గొలుసులతో ఏర్పడిన జారుడు తొడుగు వల్ల సూక్ష్మజీవులను మింగేసే భక్షక కణాలకు అది సులభంగా చిక్కదు. శరీరం తయారుచేసే రక్షక ప్రొటీన్లైన యాంటీబాడీలు దానికి అతుక్కుంటేనే వాటికి పట్టు దొరుకుతుంది. తాతగారి టీకాలో 23 రకాల తొడుగుల చక్కెర మాత్రమే ఉంటుంది. అది టి కణాల (రోగనిరోధక స్పందనకు తోడ్పడే తెల్ల రక్తకణాల) సాయం లేకుండా బి కణాలను (యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాలను) కదిలిస్తుంది కనుక రోగనిరోధక జ్ఞాపకం సరిగా నిలవదు. రెండేళ్లలోపు పిల్లల్లో అంతగా పనిచేయదు.

పసివాడి టీకాలో రకాలు తక్కువే అయినా, ప్రతి చక్కెరనూ ఒక ప్రొటీన్‌కు రసాయనికంగా జోడిస్తారు. చక్కెరను పట్టుకున్న బి కణం ప్రొటీన్‌నూ మింగి, దాని ముక్కలను టి కణానికి చూపి సాయం రప్పించుకుంటుంది. నా దృష్టిలో అసలు తెలివంతా ఈ జోడింపులోనే ఉంది. వాడికి మిగతా డోసులు 14 వారాలకు, 9 నెలలకు.