వీల్‌చైర్ కోసం మార్చిన పాత ట్రావెల్ ట్రైలర్ తీసుకుంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

టెక్సస్‌లో ఉన్న మనవాళ్లకు, ముఖ్యంగా వీల్‌చైర్‌లో ఉన్న అమ్మానాన్నలతో రోడ్ ట్రిప్ ప్లాన్ చేస్తున్నవాళ్లకు ఈ పోస్ట్. మా నాన్నగారి కోసం 1970ల నాటి అల్యూమినియం ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు లాంటిది) ఒకటి, వీల్‌చైర్ పట్టేలా మార్పించాం. వర్క్‌షాప్ వాళ్లు పంపిన ఫొటోలు చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. తీరా వాడబోతే ఒక్కటీ పనికొచ్చేలా లేదు.

ముందు ర్యాంప్ సంగతి. ట్రైలర్ ఫ్లోర్ నేలకు 24 అంగుళాల ఎత్తులో ఉంది. అమెరికాలో పబ్లిక్ బిల్డింగులకు ఉండే ఏడీఏ (వికలాంగుల హక్కుల చట్టం) లెక్క ప్రకారం అంగుళం ఎత్తుకు అడుగు పొడవు, అంటే 24 అడుగుల ర్యాంప్ కావాలి. సొంత ట్రైలర్‌కు ఆ రూల్ వర్తించదు, నిజమే. కానీ వాళ్లిచ్చింది 6 అడుగులది! వెనక నేను, ముందు మా తమ్ముడు పట్టుకుని ఎక్కించబోతే సగంలోనే కుర్చీ ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. "వద్దురా, దించేయండి" అన్నారు నాన్నగారు. క్యాంప్‌సైట్‌లో 24 అడుగుల ర్యాంప్ పరవడం ఎలాగూ కుదరదు. ఇంత ఎత్తుకు ప్లాట్‌ఫామ్ లిఫ్టే కావాలని మొదటి రోజే చెప్పాల్సింది షాపువాళ్లు.

అసలు మోసం గోడ లోపల ఉంది. 26 అంగుళాల తలుపును 34కి పెంచారు. ఈ రకం ట్రైలర్లలో పైన రేకు, లోపలి రిబ్బులు (పక్కటెముకల్లా ఉండే లోహపు పట్టీలు) కలిసే బరువు మోస్తాయి. రిబ్బు కోస్తే ఆ ఖాళీ చుట్టూ గట్టి ఫ్రేమ్ కట్టాలి. వీళ్లు కోసేసి, పైన అందమైన ప్యానెల్ అతికించారు. హైవే ఎక్కి దిగేసరికి తలుపు బిగుసుకుపోయింది, మూలల్లో రివెట్లు ఊడాయి.

ప్యానెల్ విప్పించాం కదా అని ఫ్లోర్ కూడా చూశాం. కొత్త వినైల్ కింద పాత ప్లైవుడ్ పుచ్చిపోయి ఉంది, స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగింది. కుర్చీని బిగించే ట్రాక్‌ల స్క్రూలు ఆ పుచ్చు చెక్కలోకే దించారు. కింద ఉన్న స్టీల్ ఫ్రేమ్‌కు ఒక్క బోల్ట్ కూడా లేదు. మూడొందల పౌండ్ల పవర్ చైర్ పెట్టి సడన్ బ్రేక్ వేస్తే ఏమయ్యేదో ఆలోచించండి.

ఇక బరువు. ట్రైలర్ మొత్తం బరువులో సుమారు 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్‌ను బండికి తగిలించే కొక్కెం) మీద పడాలి. వీళ్లు నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు వెనక్కి జరపడంతో అది తగ్గిపోయి, స్పీడ్ అందుకోగానే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. ట్రక్ స్టాపుల్లో తూకం వేసే క్యాట్ స్కేల్ ఉంటుంది, కొద్దిపాటి ఫీజుకే తెలిసిపోతుంది.

ఇలాంటి పని ఇచ్చేవాళ్లు డబ్బు దశలవారీగా కట్టండి. ప్యానెల్ మూసే ముందు గోడ, ఫ్లోర్ ఫొటోలు అడగండి. మీ కుర్చీ, అందులో కూర్చునే మనిషి లోపలికి వెళ్లి, తిరిగి, బయటికి వచ్చాకే ఆఖరి చెక్. జెల్ (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే సర్వీసు)లో పంపితే వెనక్కి రాబట్టుకోవడం కష్టం. క్రెడిట్ కార్డయితే ఆ ఖర్చు ఉన్న మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా డిస్ప్యూట్ వేయొచ్చు. టెక్సస్ జస్టిస్ కోర్టులో (చిన్న మొత్తాల కేసులు చూసే కోర్టు) 20,000 డాలర్ల దాకా క్లెయిమ్ వేసుకోవచ్చు. మేమూ వేశాం. అది తేలేదాకా షాపు పేరు అడగొద్దండీ, ఇక్కడ రాయలేను.